పాత డెస్క్‌టాప్‌లో కొత్త డేటాబేస్ క్లయింట్ – సోర్స్ కోడ్ నుంచి తయారుచేసుకోవడం ఎలా?



డేటాబేస్ అనగానే మనకు ఎస్‌క్యుఎల్ పుస్తకం, అందులోని సెలెక్ట్ వాక్యాలు గుర్తొస్తాయి. పరీక్ష రాయడానికి అవి చాలు. కానీ ఆ వాక్యాన్ని మనం ఏ ప్రోగ్రాములో టైపు చేస్తున్నాం, ఆ ప్రోగ్రాము ఎవరితో మాట్లాడి జవాబు తెస్తోంది, అది మన కంప్యూటర్లో లేకపోతే ఏం చేయాలి అన్నది పుస్తకాల్లో దొరకదు. ఇంటర్వ్యూలో మాత్రం అదే అడుగుతారు. హాస్టల్‌లో ఉన్న పాత కంప్యూటర్ మీద, పైసా ఖర్చు లేకుండా దాన్ని నేర్చుకునే వీలుంది కనుక ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మన సంచిక తెలుగు అక్షరాల్లో అచ్చవుతుంది కాబట్టి కమాండ్లను కూడా పలికే తీరులో తెలుగులోనే ఇచ్చాను. మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలే వాడాలి. పెద్ద అక్షరాలు కావలసిన చోట విడిగా చెబుతాను. చుక్కలు, గీతలు, ఈక్వల్ గుర్తులు ఇక్కడ ఎలా ఉన్నాయో అలాగే కొట్టాలి.

సర్వర్ వేరు, క్లయింట్ వేరు

మన హాస్టల్ స్టోర్ రూమునే తీసుకోండి. బియ్యం, పప్పు, నూనె లోపల ఉంటాయి. తాళం ఒకరి దగ్గరే ఉంటుంది. కావలసిన వాళ్లు చీటీ రాసి ఇస్తే లోపలున్న మనిషి చూసి, లెక్క రాసుకుని, సరుకు ఇస్తాడు. చీటీ రాసేవాడికి స్టోర్ రూము సొంతంగా ఉండనక్కర్లేదు. చీటీ ఎలా రాయాలో తెలిస్తే చాలు. డేటాబేస్‌లో ఆ స్టోర్ రూము, తాళం, లెక్కల పుస్తకం కలిపి సర్వర్. చీటీ రాసి పంపి జవాబు తెచ్చేది క్లయింట్.

ఈ తేడా తెలియక చాలామంది ప్రతి కంప్యూటర్లోనూ మొత్తం డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తారు. తక్కువ ర్యామ్ ఉన్న పాత యంత్రం ఆ బరువుకు మూలుగుతుంది. ఉన్నవాటిలో కాస్త బాగున్న ఒక కంప్యూటర్లో సర్వర్ పెట్టి, మిగతా వాటిలో క్లయింట్ మాత్రమే పెట్టుకుంటే పది మంది ఒకేసారి అభ్యాసం చేయవచ్చు. ఉద్యోగంలో కూడా జరిగేది ఇదే. డేటా ఎక్కడో ఉంటుంది, మన బల్ల మీద క్లయింట్ ఉంటుంది.

ఉదాహరణకు నేను పోస్ట్‌గ్రెస్‌క్యుఎల్ అనే డేటాబేస్‌ను ఎంచుకున్నాను. 1986లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వంలో పోస్ట్‌గ్రెస్ పేరుతో ఇది మొదలైంది. (ఆయనకు 2014 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు వచ్చింది.) అప్పట్లో దానికి ఎస్‌క్యుఎల్ రాదు. 1994లో అక్కడి విద్యార్థులు ఆండ్రూ యూ, జాలీ చెన్ ఇద్దరూ కలిసి దానికి ఎస్‌క్యుఎల్ నేర్పారు. మనం ఈ వ్యాసంలో తయారుచేసుకోబోయే పిఎస్‌క్యుఎల్ అనే క్లయింట్ కూడా వాళ్ల వెర్షన్‌తోనే వచ్చింది. 1996లో పేరు పోస్ట్‌గ్రెస్‌క్యుఎల్‌గా మారింది. సోర్స్ కోడ్ మొత్తం అందరికీ ఉచితం. లైసెన్సు కీ అక్కర్లేదు, ముప్పై రోజుల గడువు లేదు.

రెడీమేడ్‌గా దొరుకుతుంటే కంపైల్ ఎందుకు?

న్యాయమైన ప్రశ్న. ఉబుంటు లైనక్స్‌లో ఒక్క లైను కొడితే క్లయింట్ వచ్చేస్తుంది:

సూడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పోస్ట్‌గ్రెస్‌క్యుఎల్-క్లయింట్

దీంతో పని జరిగితే ఇదే చేయండి. సోర్స్ నుంచి కంపైల్ చేయడం గొప్ప కోసం చేసే పని కాదు. అయితే మనలాంటి వాళ్లకు ఈ లైను పనిచేయని సందర్భాలు రెండు ఎదురవుతాయి.

ఒకటి, పాత కంప్యూటర్. విరాళంగా వచ్చిన డెస్క్‌టాప్‌లలో ఇప్పటికీ ఉబుంటు 16.04 వంటి పాత వెర్షన్లు కనిపిస్తాయి. యంత్రం 32 బిట్లది అయితే కొత్తది ఎక్కించడం కూడా కష్టమే. ఎందుకంటే 2017లో వచ్చిన 17.10 నుంచి ఉబుంటు 32 బిట్ల డెస్క్‌టాప్ సీడీని ఆపేసింది. 16.04లో రెడీమేడ్‌గా వచ్చే పోస్ట్‌గ్రెస్ క్లయింట్ 9.5 వెర్షన్. దాంతో కొత్త సర్వర్‌కు కనెక్ట్ కాబోతే, అథెంటికేషన్ మెథడ్ 10 నాట్ సపోర్టెడ్ అని వస్తుంది. ఆ 10 వెర్షన్ నంబరు కాదు. పాస్‌వర్డ్ ఏ పద్ధతిలో అడుగుతున్నానో సర్వర్ చెప్పే కోడ్ అది. పాత ఎండి5 పద్ధతి బలహీనమైనదని 2017లో వచ్చిన 10వ వెర్షన్‌లో స్క్రామ్ అనే గట్టి పద్ధతి తెచ్చారు. 2021లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి కొత్త సర్వర్లలో అదే మామూలు పద్ధతి అయింది. 9.5 క్లయింట్ పుట్టేనాటికి ఆ పద్ధతి లేదు. సర్వర్ అడిగేది దానికి అర్థం కాదు. పాస్‌వర్డ్ ఎన్నిసార్లు సరిగ్గా కొట్టినా ప్రయోజనం ఉండదు.

రెండోది, కాలేజీ ల్యాబ్. అక్కడ మన లాగిన్‌కు సూడో హక్కు ఇవ్వరు. ఏదైనా ఎక్కించాలంటే ల్యాబ్ అసిస్టెంటును బతిమాలాలి, ఆయన సెలవులో ఉంటే ఆ వారం పోయినట్టే. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాడు ఆ రాత్రే నేర్చుకుంటాడు, హాస్టల్ నుంచి వచ్చినవాడు ఆగిపోతాడు. సోర్స్ నుంచి కంపైల్ చేయడం వస్తే మన హోమ్ ఫోల్డర్లోనే, ఎవరి అనుమతీ అడగకుండా, క్లయింట్‌ను పెట్టుకోవచ్చు. సి లాంగ్వేజీ చెప్పే ప్రతి లైనక్స్ ల్యాబ్‌లోనూ జిసిసి కంపైలర్, మేక్ ఉంటాయి. మనకు ప్రధానంగా కావలసినవి ఆ రెండే. (ల్యాబ్ యంత్రం మీద ఏదైనా ఎక్కించకూడదని రాతపూర్వక నియమం ఉంటే మాత్రం అడిగే చేయండి.)

ఇంకో జాగ్రత్త. 16.04 వంటి కాలం చెల్లిన సిస్టం ఇంటర్నెట్ మీద తిరగడానికి పనికిరాదు. హాస్టల్ లోపలి నెట్‌వర్క్‌లో అభ్యాసానికి మాత్రమే వాడండి.

ఏ వెర్షన్ తెచ్చుకోవాలి?

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సగం కష్టం ఇక్కడే తప్పుతుంది. 18వ వెర్షన్ 2025 సెప్టెంబరులో వచ్చింది. కానీ 17 నుంచి సోర్స్ ప్యాకెట్‌లో ఒక మార్పు చేశారు. అంతకు ముందు బైసన్, ఫ్లెక్స్, పెర్ల్ అనే పనిముట్లతో తయారయ్యే ఫైళ్లను ముందే తయారుచేసి ప్యాకెట్‌లో పెట్టేవారు. 17 నుంచి పెట్టడం లేదు, మన కంప్యూటర్లో ఆ పనిముట్లు ఉండాల్సిందే. సూడో లేని ల్యాబ్‌లో అవి లేకపోతే దారి మూసుకుపోయినట్టే. అందువల్ల మనకు 16వ వెర్షన్ అనుకూలం. 2023లో వచ్చిన దానికి 2028 నవంబరు వరకు సవరణలు వస్తాయి. 16.తర్వాత వచ్చే అంకెల్లో అన్నిటికంటే పెద్దది తెచ్చుకోండి.

16వ వెర్షన్ క్లయింట్ 17 లేదా 18 సర్వర్‌తో మాట్లాడుతుందా? మాట్లాడుతుంది. సెలెక్ట్, ఇన్సర్ట్, అప్‌డేట్ అన్నీ పనిచేస్తాయి. వెనక్కి వాలిన గీతతో మొదలయ్యే కొన్ని క్లయింట్ కమాండ్లు మాత్రం తనకంటే కొత్త సర్వర్ దగ్గర తడబడవచ్చు. బ్యాకప్ తీసే పిజి-డంప్ అయితే తనకంటే కొత్త సర్వర్ అని తెలిస్తే పని చేయనే చేయదు. బ్యాకప్ పని మన అభ్యాసంలో లేదు కనుక సరే.

పోస్ట్‌గ్రెస్ సొంత వెబ్‌సైటులోనే సోర్స్ ఉంటుంది. టార్ డాట్ బిజడ్2 రూపంలో ముప్పై ఎంబీ లోపే. నెట్ ఉన్న చోట డౌన్‌లోడ్ చేసి పెన్ డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చు. దాని పక్కనే ఎస్‌హెచ్‌ఎ256 అనే పొడవాటి సంఖ్య ఉన్న చిన్న ఫైలు ఉంటుంది, దాన్నీ తెచ్చుకోండి. మన దగ్గర ఎస్‌హెచ్‌ఎ256సమ్ కమాండ్ ఇచ్చినప్పుడు అదే సంఖ్య రావాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైలు దారిలో పాడైందన్నమాట, మళ్లీ తెచ్చుకోవాలి. పాత పెన్ డ్రైవ్‌లతో ఈ పరీక్ష తప్పనిసరి.

మొదటి మెట్టు : కాన్ఫిగర్

ప్యాకెట్ విప్పి లోపలికి వెళ్దాం.

టార్ -ఎక్స్‌ఎఫ్ పోస్ట్‌గ్రెస్‌క్యుఎల్-16.*.టార్.బిజడ్2
సిడి పోస్ట్‌గ్రెస్‌క్యుఎల్-16.*/

లోపల కాన్ఫిగర్ అనే స్క్రిప్టు ఉంటుంది. ఇది దేన్నీ ఇన్‌స్టాల్ చేయదు, కంపైల్ కూడా చేయదు. ఇల్లు కట్టేముందు మేస్త్రి వచ్చి ఇసుక ఉందా, నీళ్లున్నాయా, ఇటుక ఏ సైజు అని చూసుకున్నట్టు మన కంప్యూటర్‌ను తడిమి చూస్తుంది. కంపైలర్ ఉందా, పూర్ణాంకానికి ఎన్ని బైట్లు, ఫలానా లైబ్రరీ ఉందా అని వరుసగా అడుగుతూ స్క్రీన్ మీద వందలాది లైన్లు పారిస్తుంది. భయపడకండి. అన్నీ సరిగా ఉంటే చివర మేక్‌ఫైళ్లు రాసి పెడుతుంది.

./కాన్ఫిగర్ --ప్రిఫిక్స్=$హోమ్/పిజిఎస్‌క్యుఎల్

హోమ్ అన్న మాట పెద్ద అక్షరాల్లో. ప్రిఫిక్స్ అంటే తయారైన వస్తువును ఎక్కడ పెట్టాలో చెప్పే చిరునామా. ఇవ్వకపోతే సిస్టం ఫోల్డర్‌లో పెట్టబోతుంది, అక్కడ రాసే హక్కు మనకు లేదు కనుక చివర్లో పర్మిషన్ డినైడ్ అంటుంది. మన హోమ్ ఫోల్డర్ ఇచ్చాం కనుక ఈ వ్యాసంలో ఇక ఎక్కడా సూడో అవసరం రాదు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. లైన్లన్నీ పారి పారి హఠాత్తుగా నిలిచిపోయి, ఐసియు లైబ్రరీ నాట్ ఫౌండ్ అని ఎర్రర్ వస్తుంది. ఇంగ్లీషు మీడియం చదవని మనవాళ్లు ఆ ఎర్రర్ అన్న మాట చూడగానే ఇది మనకు రాదులే అని కుర్చీ వెనక్కి జరుపుతారు. దయచేసి జరపకండి. ఆ లైను కింద ఇంకో రెండు లైన్లున్నాయి, చదవండి. ఐసియు ఇప్పటికే ఉంటే కాన్ఫిగ్.లాగ్ చూడు అని ఒకటి, అక్కర్లేదనుకుంటే --వితౌట్-ఐసియు అని ఇవ్వు అని ఇంకొకటి. రోగం, మందు రెండూ ఒకే చీటీ మీద రాసి ఇచ్చాడు. దాన్ని సరిచేస్తే తర్వాత రీడ్‌లైన్ దగ్గర ఆగవచ్చు, ఆ తర్వాత జడ్‌లిబ్ దగ్గర. మూడుసార్లు ఆగిందంటే మూడుసార్లు ఓడిపోయినట్టు కాదు. ప్రతిసారీ ఇంకాస్త దూరం వెళ్లింది. లైబ్రరీ నాట్ ఫౌండ్ అనే మూడు మాటలు అర్థమైతే కాన్ఫిగర్ ఎర్రర్లలో ఎక్కువ భాగం అర్థమైనట్టే.

మరి రీడ్‌లైన్ కంప్యూటర్లో ఉన్నా లేదంటుందేం? చాలా మందిని తికమక పెట్టేది ఇదే. లైబ్రరీకి రెండు భాగాలుంటాయి. నడిచే ప్రోగ్రాములకు కావలసిన యంత్రభాష ఫైలు ఒకటి, కొత్త ప్రోగ్రాము కంపైల్ చేసేవాళ్లకు కావలసిన హెడర్ ఫైలు ఇంకొకటి. స్కాలర్‌షిప్ ఆఫీసు ఉంది, గుమస్తా ఉన్నాడు, కానీ దరఖాస్తు ఫారం మన చేతిలో లేదు. ఏ కాలమ్‌లో ఏం రాయాలో తెలియకుండా ఎలా దరఖాస్తు చేస్తాం? ఆ ఫారమే హెడర్ ఫైలు. ఉబుంటులో ఫారాలు వేరే ప్యాకేజీలో ఉంటాయి, వాటి పేరు చివర -డెవ్ అని ఉంటుంది. సూడో హక్కు ఉన్న సొంత యంత్రంలో అయితే ఇవి ఎక్కించుకోండి:

సూడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ లిబ్‌రీడ్‌లైన్-డెవ్ జడ్‌లిబ్1జి-డెవ్

ల్యాబ్‌లో ఆ హక్కు లేదు కనుక వాటిని వదిలేసి ముందుకు పోదాం:

./కాన్ఫిగర్ --ప్రిఫిక్స్=$హోమ్/పిజిఎస్‌క్యుఎల్ --వితౌట్-ఐసియు --వితౌట్-రీడ్‌లైన్ --వితౌట్-జడ్‌లిబ్

వదిలేస్తే ఏం పోతుందో తెలుసుకుని వదలాలి. ఐసియు అక్షరక్రమానికి సంబంధించినది, అది సర్వర్ పని. క్లయింట్‌కు ఏమీ నష్టం లేదు. జడ్‌లిబ్ లేకపోతే పిజి-డంప్ కుదించిన బ్యాకప్ తీయలేదు, అదీ మనకు అక్కర్లేదు. రీడ్‌లైన్ లేకపోతేనే అసలు ఇబ్బంది. పై బాణం నొక్కితే ఇందాక కొట్టిన వాక్యం మళ్లీ రాదు, దాని బదులు పిచ్చి గుర్తులు పడతాయి. ట్యాబ్ నొక్కితే టేబుల్ పేరు పూర్తికాదు. అయినా క్లయింట్ పనిచేస్తుంది. పొడవాటి వాక్యాలను ఒక ఫైలులో రాసుకుని -ఎఫ్ ఆప్షన్‌తో నడిపితే సరిపోతుంది. నిజం చెప్పాలంటే నేర్చుకునేటప్పుడు అదే మంచి అలవాటు, రాసినది మన దగ్గరే ఉండిపోతుంది.

బయటి ఊరి సర్వర్‌కు, అంటే ఇంటర్నెట్ మీదుగా కనెక్ట్ కావాలంటే మాత్రం --విత్-ఎస్‌ఎస్‌ఎల్=ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఆప్షన్, దానికి లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్ ప్యాకేజీ కావాలి. అలాంటి సర్వర్లలో చాలా వరకు ఎస్‌ఎస్‌ఎల్ లేని క్లయింట్‌ను లోపలికి రానివ్వవు. స్క్రామ్ పాస్‌వర్డ్‌కు మాత్రం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లేకపోయినా ఫర్వాలేదు, ఆ లెక్క చేసే కోడ్ పోస్ట్‌గ్రెస్ సోర్స్‌లోనే ఉంది. ల్యాబ్ లోపలి సర్వర్‌కు ఇది చాలు.

రెండో మెట్టు : మేక్

ఇప్పుడు మామూలుగా మేక్ అని కొడితే సర్వర్‌తో సహా మొత్తం కంపైల్ అవుతుంది. పాత యంత్రంలో అది చాలాసేపు పడుతుంది, మనకు సర్వర్ అక్కర్లేదు కూడా. క్లయింట్ భాగాలను మాత్రమే తయారుచేసి పెట్టమని ఇలా చెప్పాలి:

మేక్ -సి ఎస్‌ఆర్‌సి/బిన్ ఇన్‌స్టాల్
మేక్ -సి ఎస్‌ఆర్‌సి/ఇన్‌క్లూడ్ ఇన్‌స్టాల్
మేక్ -సి ఎస్‌ఆర్‌సి/ఇంటర్‌ఫేసెస్ ఇన్‌స్టాల్

ఇక్కడ -సి లోని సి పెద్ద అక్షరం. ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి పని చేయి అని దాని అర్థం. మొదటి లైను పిఎస్‌క్యుఎల్ వంటి ప్రోగ్రాములను, మూడోది లిబ్‌పిక్యు అనే లైబ్రరీని, రెండోది ఇతరులకు కావలసిన హెడర్ ఫైళ్లను, అంటే ఇందాక చెప్పిన దరఖాస్తు ఫారాలను తీసుకొచ్చి మన ఫోల్డర్‌లో పెడతాయి. ఇందాక ఫారం లేదని ఆగిన మనమే ఇప్పుడు వేరేవాళ్లకు ఫారాలు ఇచ్చే స్థితికి వచ్చాం.

మేక్ గురించి ఒక ముచ్చట. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ దీన్ని రాశాడు. ఆయన తోటి ఉద్యోగి ఒకాయన ప్రోగ్రాములో తప్పు వెతుకుతూ ఒక పూట వృథా చేసుకున్నాడు. తప్పు అప్పటికే దిద్దేశాడు, కానీ దిద్దిన ఫైలును మళ్లీ కంపైల్ చేయడం మరిచాడు. ఆ మతిమరుపుకు మందే మేక్. ఏ ఫైలు దేని మీద ఆధారపడిందో రాసిపెట్టి, దేని తేదీ కొత్తదో చూసి, మారినదాన్నే మళ్లీ కంపైల్ చేస్తుంది. అందుకే మధ్యలో కరెంటు పోయినా దిగులు పడనక్కర్లేదు. కరెంటు వచ్చాక అదే లైను మళ్లీ కొడితే ఆగిన చోటు నుంచి అందుకుంటుంది. ఒకవేళ కరెంటు పోయినప్పుడు రాస్తున్న ఫైలు సగంలో చెడిపోయిందని అనుమానం వస్తే మేక్ క్లీన్ అని కొట్టి మొదటి నుంచి చేసుకోవచ్చు. అన్నట్టు, మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి గడియారం తప్పు చూపే పాత కంప్యూటర్లలో మేక్ కూడా తికమక పడుతుంది, ముందుగా తేదీ సరిచేసుకోండి.

స్క్రీన్ మీద ఒక్కో సి ఫైలుకు ఒక్కో జిసిసి లైను వెళ్తుంది. సి ఫైలు ముందు .ఓ అనే ముక్కగా మారుతుంది, ఆ ముక్కలన్నీ చివర్లో లింకర్ అనే ప్రోగ్రాము కలిపి కుడుతుంది. మనం సి ల్యాబ్‌లో ఒక్క ఫైలుతో చేసే పనే ఇది, ఇక్కడ ఫైళ్లు ఎక్కువ, అంతే. వార్నింగ్ వస్తే పట్టించుకోనక్కర్లేదు. ఎర్రర్ వస్తే చివరి లైను కాదు, పైకి జరిగి మొట్టమొదటి ఎర్రర్ చూడాలి. మిగతావన్నీ దాని పిల్లలే.

మూడో మెట్టు : దారి చూపడం

క్లయింట్ తయారై మన ఫోల్డర్‌లో కూర్చుంది, కానీ పిఎస్‌క్యుఎల్ అని కొడితే కమాండ్ నాట్ ఫౌండ్ అనే వస్తుంది, లేదా పాత 9.5 లేస్తుంది. ఎందుకంటే షెల్ పాత్ అనే జాబితాలో ఉన్న ఫోల్డర్లలోనే వరుసగా వెతుకుతుంది. మన ఫోల్డర్‌ను ఆ జాబితాలో ముందు చేర్చాలి. హోమ్‌లోని .బ్యాష్‌ఆర్‌సి ఫైలు చివర ఈ రెండు లైన్లు రాయండి:

ఎక్స్‌పోర్ట్ పాత్=$హోమ్/పిజిఎస్‌క్యుఎల్/బిన్:$పాత్
ఎక్స్‌పోర్ట్ ఎల్‌డి_లైబ్రరీ_పాత్=$హోమ్/పిజిఎస్‌క్యుఎల్/లిబ్

పాత్, హోమ్, ఎల్‌డి_లైబ్రరీ_పాత్ పెద్ద అక్షరాల్లో ఉండాలి, ఈక్వల్ గుర్తుకు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. టెర్మినల్ మూసి తెరిచి, విచ్ పిఎస్‌క్యుఎల్ అని అడగండి. మన హోమ్ ఫోల్డర్ చిరునామా చూపిస్తే పని అయినట్టు. పిఎస్‌క్యుఎల్ --వెర్షన్ కొడితే 16 అని చెబుతుంది.

రెండో లైను పిఎస్‌క్యుఎల్ కోసం కాదు. దానికి తన లైబ్రరీ ఎక్కడుందో కంపైల్ చేసినప్పుడే లోపల రాసి ఉంటుంది. మనం లిబ్‌పిక్యు వాడి రాసుకునే సొంత సి ప్రోగ్రాములు, పైథాన్‌లోని సైకోపిజి2 వంటివి దాన్ని వెతుక్కోవాలి కదా, వాటి కోసం. సైకోపిజి2ను సోర్స్ నుంచి ఎక్కించబోతే పిజి_కాన్ఫిగ్ దొరకలేదని ఆగిపోవడం మీలో కొందరికి అనుభవమే అయి ఉంటుంది. ఆ పిజి_కాన్ఫిగ్ ఇప్పుడు మన బిన్ ఫోల్డర్‌లో ఉంది. అడ్డు తొలగిపోతుంది.

సర్వర్ తలుపు తట్టడం

సర్వర్ ఉన్న కంప్యూటర్ అడ్రసు 192.168.1.10, డేటాబేస్ పేరు హాస్టల్, యూజర్ పేరు విద్యార్థి అనుకుందాం.

పిఎస్‌క్యుఎల్ -హెచ్ 192.168.1.10 -యు విద్యార్థి -డి హాస్టల్

ఇందులో -యు పెద్ద అక్షరం. పోర్టు నంబరు చెప్పకపోతే 5432 అని తీసుకుంటుంది. -డి చెప్పకపోతే యూజర్ పేరే డేటాబేస్ పేరు అనుకుంటుంది, అందుకే చాలామందికి డేటాబేస్ విద్యార్థి డజ్ నాట్ ఎగ్జిస్ట్ అని వస్తుంది. అది తప్పు కాదు, మనం చెప్పనిదాన్ని అది ఊహించుకుంది.

కనెక్ట్ కాకపోతే వచ్చే మాటను బట్టి మన చీటీ ఎంతవరకు వెళ్లిందో చెప్పవచ్చు. చాలాసేపు ఏమీ రాక చివర టైమౌట్ అంటే చీటీ ఆ ఇంటికే చేరలేదు. అడ్రసు తప్పయినా, కేబుల్ ఊడినా, ఫైర్‌వాల్ మింగినా అంతే. వెంటనే కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటే ఇల్లు దొరికింది, ఆ తలుపు దగ్గర ఎవరూ లేరు. సర్వర్ నడవడం లేదు, లేదా మొదట్లో ఉండే సెట్టింగు ప్రకారం తన కంప్యూటర్లోని వాళ్లకే జవాబిస్తోంది. సర్వర్ వైపు లిజన్_అడ్రసెస్ మార్చాలి. నో పిజి_హెచ్‌బిఎ ఎంట్రీ అంటే తలుపు తెరిచారు గానీ రానిచ్చేవాళ్ల జాబితాలో మన కంప్యూటర్ అడ్రసు లేదు. పాస్‌వర్డ్ అథెంటికేషన్ ఫెయిల్డ్ అంటే లోపలి బల్ల దాకా వెళ్లాం, గుర్తింపు దగ్గర ఆగాం. ఈ తేడాలు తెలిసినవాడు ల్యాబ్‌లో సర్వర్ చూసుకునే వారి దగ్గరకు వెళ్లి, సార్, కనెక్ట్ కావడం లేదు అనడు. సార్, హెచ్‌బిఎ ఫైలులో ఈ అడ్రసు చేర్చండి అంటాడు. పని రెండు నిమిషాల్లో అవుతుంది, అడిగినవాడి మీద గౌరవమూ కలుగుతుంది.

ఒక ప్రత్యేకమైన చిక్కు కూడా చెప్పాలి. సర్వర్, మనం కంపైల్ చేసిన క్లయింట్ రెండూ ఒకే ఉబుంటు యంత్రంలో ఉన్నప్పుడు -హెచ్ ఇవ్వకపోతే కనెక్ట్ కాదు, సర్వర్ నడుస్తున్నా సరే. అలాంటప్పుడు నెట్‌వర్క్ కాకుండా సాకెట్ అనే ఫైలు ద్వారా మాట్లాడుకుంటాయి. సోర్స్ నుంచి వచ్చిన క్లయింట్ ఆ ఫైలును /టిఎంపి ఫోల్డర్‌లో వెతుకుతుంది, ఉబుంటు రెడీమేడ్ సర్వర్ దాన్ని /వార్/రన్/పోస్ట్‌గ్రెస్‌క్యుఎల్‌లో పెడుతుంది. ఇద్దరూ చెరో బస్టాపులో నిలబడి ఎదురుచూసినట్టు. -హెచ్ లోకల్‌హోస్ట్ అని ఇస్తే కలుసుకుంటాయి.

తెలుగులో ఒక పరీక్ష

కనెక్ట్ అయ్యాక \కాన్‌ఇన్ఫో కొట్టి ఎవరితో మాట్లాడుతున్నామో చూసుకోండి. \డిటి టేబుళ్లను చూపిస్తుంది, \క్యు బయటికి తెస్తుంది. ఆ తర్వాత పుస్తకంలోని ఎంప్లాయీ టేబుల్ పక్కన పెట్టి, మన పేర్లతో ఒక పరీక్ష చేయండి. డేటాబేస్ యుటిఎఫ్-8లో ఉందనుకుంటే,

సెలెక్ట్ చార్_లెంగ్త్('తెలుగు'), ఆక్టెట్_లెంగ్త్('తెలుగు');

కోట్ల మధ్య మాట మాత్రం నిజంగా తెలుగులోనే టైపు చేయాలి. జవాబు 6, 18 అని వస్తుంది. కంటికి మూడే అక్షరాలు. కానీ యూనికోడ్‌లో త ఒకటి, ఎత్వం ఒకటి, ల ఒకటి, కొమ్ము ఒకటి, ఇలా ఆరు. ఒక్కోదానికి మూడు బైట్లు. కొన్ని టెర్మినళ్లలో గుణింతాలు విడిపోయి వికారంగా కనిపించవచ్చు, అది స్క్రీన్ లోపం, డేటా సరిగానే ఉంటుంది.

దీనివల్ల వచ్చే చిక్కు చిన్నది కాదు. హాస్టల్ రిజిస్టరును కంప్యూటర్లో పెడదామని పేరు కాలమ్‌కు వార్‌చార్(10) ఇచ్చారనుకోండి. వెంకటేశ్వర్లు అన్న పేరు మనం చదివితే ఐదక్షరాలు, డేటాబేస్ లెక్కలో పదమూడు. వాల్యూ టూ లాంగ్ అని పోస్ట్‌గ్రెస్ వెనక్కి కొడుతుంది. అప్పుడు ఎంట్రీ చేసే మనిషి ఏం చేస్తాడు? పేరును కుదించి రాస్తాడు. సర్టిఫికెట్‌లో ఒక పేరు, రిజిస్టరులో ఇంకో పేరు అయి, స్కాలర్‌షిప్ దగ్గర ఆ కుర్రాడు తిరగాల్సి వస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో టెక్స్ట్ అనే రకానికి ఇలా హద్దు చెప్పనక్కర్లేదు, వేగంలో తేడా కూడా లేదు. టేబుల్ ముందే తయారై ఉంటే ఆల్టర్ టేబుల్‌తో ఆ ఒక్క కాలమ్‌ను మార్చవచ్చు:

ఆల్టర్ టేబుల్ రిజిస్టర్ ఆల్టర్ కాలమ్ పేరు టైప్ టెక్స్ట్;